రేవుల రాత మార్చిన ఇనుప పెట్టె

ఇంటికి కార్గో వేయనివాళ్లు మన క్యాంపుల్లో చాలా తక్కువ. దుప్పట్లు, సబ్బులు, పాలపొడి డబ్బాలు, టైగర్ బామ్, పిల్లలకు బొమ్మలు, అన్నీ ఒక అట్టపెట్టెలో కుక్కుతాం. టేపు చుట్టి, నైలాన్ తాడు బిగించి, పైన మార్కర్ పెన్నుతో పేరు, ఊరు, మండలం, జిల్లా, ఫోన్ నంబరు రాస్తాం. కార్గో వ్యాను అతను కాటా మీద పెట్టి, కిలో లెక్కన డబ్బు తీసుకుని రసీదు చేతిలో పెడతాడు. కొన్ని వారాల తరవాత ఆ పెట్టె మన ఇంటి గుమ్మం ముందు దిగుతుంది. పెట్టె చేరిందని ఫోన్ వచ్చిన రోజు రూములో అందరికీ సంతోషమే.

మరి మధ్యలో ఏం జరుగుతుంది? మన అట్టపెట్టె అలాంటి వందల పెట్టెలతో కలిసి ఇంకో పెద్ద ఇనుప పెట్టెలోకి వెళ్తుంది. అదే కంటైనర్. దారిన పోయే ట్రైలర్ల మీద, రేవులో మేడల్లా పేర్చిన వరసల్లో రోజూ చూసేదే. మేము ఒక క్లియరింగ్ ఆఫీసులో కాగితాలు రాసే గుమాస్తాలం. ఆ పెట్టెల నంబర్లు టైపు చేయడమే మా ఉద్యోగం. చాలా ఏళ్లు టైపు చేశాం గానీ, ఈ పెట్టె ఎక్కడ పుట్టింది, ఇది రాకముందు ఈ పని ఎవరు చేసేవారు, వాళ్లంతా ఏమయ్యారు అని ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచన వచ్చాక చదివి తెలుసుకున్న సంగతులు ఈ వారం మీ ముందు పెడుతున్నాం. ఇది ఒక వ్యాపారి కథే అయినా, ఇందులో సగం కూలీల కథ.

భుజాల మీద నడిచిన రేవులు

కంటైనర్ రాకముందు ఓడలోకి సరుకు ఎక్కించాలంటే మనిషి భుజమే దిక్కు. గోనె సంచులు, చెక్కపెట్టెలు, నూనె పీపాలు, పత్తి బేళ్లు, ఇనుప ముక్కలు, దేనికదే విడివిడిగా వచ్చేవి. లారీ నుంచి గోదాములోకి, గోదాము నుంచి ఓడ పక్కకు, అక్కడి నుంచి వలలోనో పలక మీదో పెట్టి క్రేనుతో ఓడ అడుగుకు దించేవారు. అడుగున ఇంకో గ్యాంగు వాటిని ఒక్కొక్కటీ మోసుకెళ్లి, ఓడ ఊగినా కదలకుండా సర్దేది. అవతలి రేవులో ఇదంతా తలకిందులుగా మళ్లీ మొదలు.

అప్పట్లో అమెరికాలో ఒక ఓడ మీద లెక్క కట్టారు. ఓడ పేరు వారియర్. 1954లో న్యూయార్కులోని బ్రూక్లిన్ నుంచి జర్మనీలోని బ్రెమర్‌హావెన్‌కు వెళ్లింది. అందులో ఎక్కించిన సామాన్లు మొత్తం 1,94,582. అందులో సంచులే 24,036. ఇంత సరుకు ఎక్కించడానికి ఆరు రోజులు పట్టింది, దించడానికి నాలుగు రోజులు పట్టింది. మధ్యలో మహాసముద్రం దాటడానికి పట్టింది పదిన్నర రోజులే. ఖర్చు లెక్క ఇంకా విచిత్రం. మొత్తం వంద రూపాయలు అనుకుంటే, సముద్రం మీద ప్రయాణానికి పదకొండున్నర రూపాయలు, రెండు రేవుల్లో ఎక్కించి దించడానికి ముప్పై ఆరు రూపాయలకు పైగా అయింది. అంటే ఓడ ఎంత వేగంగా పోయినా లాభం లేదు. డబ్బంతా ఒడ్డు మీదే కరిగిపోతోంది.

ఆ ఒడ్డు మీద పనిచేసేవాళ్ల బతుకు ఎలా ఉండేది? మన ఊళ్లలో తెల్లవారుజామున అడ్డా మీద నిలబడే కూలీలు మీకు గుర్తున్నారు కదా. న్యూయార్కు రేవులోనూ అదే అడ్డా. పొద్దున్నే జనం అర్ధచంద్రాకారంలో నిలబడితే, ఫోర్‌మ్యాన్ వచ్చి వేలు చూపించి తనకు కావలసినవాళ్లను ఏరుకునేవాడు. ఎంపిక కావాలంటే కొన్నిచోట్ల అతనికి చేయి తడపాల్సి వచ్చేది. ఓడ వస్తే పని, రాకపోతే పస్తు. ఈ పద్ధతిని న్యూయార్కులో 1953లో చట్టం చేసి ఆపారు. లండన్, లివర్‌పూల్ రేవుల్లోనూ ఇలాంటి రోజువారీ పిలుపులే. మన దేశంలో రేవు కూలీలకు పేరు నమోదు, పని హామీ కల్పించాలని 1948లో ఒక చట్టం తెచ్చారు.

పని కష్టమైనదే, ప్రమాదమైనదే. వేలు నలగడం, నడుము పట్టేయడం, పైనుంచి సరుకు జారి పడటం మామూలు. అయినా ఆ పని చేసేవాళ్లకు దాని మీద గర్వం ఉండేది. ఏ సంచి ఎక్కడ పెడితే ఓడ బరువు సరిగ్గా నిలుస్తుందో చదువుకున్నవాడికన్నా వాళ్లకే బాగా తెలుసు. తండ్రి తరవాత కొడుకు, అన్న తరవాత తమ్ముడు అదే రేవులో పనికి కుదిరేవారు.

లారీ ఓనరు లెక్క

మాల్కం మెక్లీన్ 1913లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో పుట్టారు. హైస్కూలు చదువుతో ఆపేశారు. పెట్రోలు బంకులో పనిచేసి, 1934లో ఒక పాత ట్రక్కు కొని సొంతంగా తోలడం మొదలుపెట్టారు. తమ్ముడు, అక్కచెల్లెళ్లు కలిసి పెంచిన ఆ వ్యాపారం ఇరవై ఏళ్లలో దేశంలోని పెద్ద ట్రక్కు కంపెనీల్లో ఒకటయింది. 1937లో ఒక రేవు దగ్గర తన ట్రక్కులోని పత్తి బేళ్లు దించడానికి రోజంతా కాచుకుని ఉన్నప్పుడే ఈ ఆలోచన వచ్చిందని ఆయన ముసలితనంలో చెప్పుకున్నారు. చరిత్ర రాసినవాళ్లు ఆ మాటను పూర్తిగా నమ్మరు. నిజానికి 1950ల మొదట్లో రోడ్ల మీద రద్దీ పెరిగి ట్రక్కులు ఆలస్యమవుతుంటే, సరుకుతో ఉన్న ట్రైలర్లను తీరం వెంట ఓడలో పంపితే పోతుంది కదా అని ఆయన లెక్క వేశారు.

ముందు చక్రాలతో సహా ట్రైలర్లనే ఓడ ఎక్కిద్దాం అనుకున్నారు. లెక్క కడితే చక్రాల కింద ఖాళీ జాగా వృథా అవుతోంది. సరే, చక్రాలు తీసేసి పెట్టె ఒక్కటే పంపుదాం, పెట్టె మీద పెట్టె పేరుద్దాం అన్నారు. ఓడల కంపెనీలన్నీ తమ వ్యాపారం ఓడలు నడపడం అనుకునేవి. ఈ లారీ ఆయన మాత్రం వ్యాపారం అంటే సరుకును ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం, ఓడ అందులో ఒక సాధనం అనుకున్నారు. తేడా అంతా ఈ చూపులోనే ఉంది.

ఆయన తెగింపు కూడా తక్కువది కాదు. 1955లో పాన్ అట్లాంటిక్ అనే ఓడల కంపెనీని కొన్నారు. అప్పటి అమెరికా నిబంధనల ప్రకారం ట్రక్కు కంపెనీ నడిపేవాళ్లు ఓడల కంపెనీ పెట్టుకోకూడదు. రెండింట్లో ఒకటి వదులుకోవాలి. ఇరవై ఏళ్లు చెమటోడ్చి పెంచిన ట్రక్కు కంపెనీని వదులుకుని, ఇంకా నిలుస్తుందో లేదో తెలియని పెట్టెల వ్యాపారంలోకి దూకారు.

కిటుకు మూలల్లో ఉంది

పెట్టెలో సరుకు పెట్టి పంపడం మెక్లీన్ కొత్తగా కనిపెట్టింది కాదు. అంతకు ముందే రైళ్ల మీద, సైన్యంలో రకరకాల పెట్టెలు వాడారు. అయితే వాటిని ఎత్తడానికి, కట్టడానికి, పేర్చడానికి మళ్లీ అంతమంది మనుషులే కావలసి వచ్చేవారు. ఆ చిక్కు విప్పినవారు కీత్ టాంట్లింగర్ అనే ఇంజనీరు. ట్రైలర్లు తయారుచేసే కంపెనీ నుంచి మెక్లీన్ ఆయనను పిలిపించుకున్నారు. మొదట చేసిన నమూనా పెట్టె గట్టిదో కాదో చూడటానికి మెక్లీన్, ఆయన మనుషులు దాని పైకెక్కి గెంతి చూశారట.

కంటైనర్‌ను దగ్గరగా చూడండి. ఎనిమిది మూలల్లో ఎనిమిది ఉక్కు దిమ్మలు, వాటిలో కోలగా రంధ్రాలు ఉంటాయి. బరువంతా ఆ మూలలు, వాటిని కలిపే నాలుగు స్తంభాలే మోస్తాయి. పక్క రేకులు సరుకును కప్పడానికే. అందుకే ఒకదాని మీద ఒకటి ఎన్నో పేర్చినా కింది పెట్టె నలగదు. క్రేనుకు వేలాడే చట్రం కిందికి దిగి ఆ పై మూలల్లో పట్టుకుంటుంది. ఎవరూ పైకెక్కి కొక్కేలు తగిలించక్కరలేదు. రెండు పెట్టెల మధ్య, పెట్టెకూ ట్రైలరుకూ మధ్య ట్విస్ట్ లాక్ అనే తాళం ఉంటుంది. రంధ్రంలో దూర్చి మెలితిప్పితే చాలు, గట్టిగా పట్టుకుంటుంది. రిగ్గింగ్ పని చేసే మన సోదరులకు ఇది చెప్పనక్కరలేదు. తాళం అంతే చిన్నది, దానితో తీరిన కూలి ఖర్చు అంత పెద్దది.

1956 ఏప్రిల్ 26న అమెరికాలోని నెవార్క్ రేవు నుంచి ఐడియల్ ఎక్స్ అనే ఓడ బయలుదేరింది. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత నూనె ట్యాంకరు. దాని పైభాగంలో చట్రం కట్టి 58 పెట్టెలు ఎక్కించారు. ఏడు నిమిషాలకు ఒక పెట్టె చొప్పున, ఎనిమిది గంటలు కూడా పట్టకుండా పని అయిపోయింది. ఓడ హ్యూస్టన్ చేరాక ఖర్చు లెక్క చూశారు. విడి సరుకు ఎక్కించడానికి టన్నుకు 5 డాలర్ల 83 సెంట్లు అయ్యే రోజుల్లో, ఈ ఓడకు టన్నుకు 16 సెంట్లు కూడా కాలేదు. మరుసటి ఏడాది, 1957లో, గేట్‌వే సిటీ అనే ఓడలో ఏకంగా 226 పెట్టెలు వెళ్లాయి. 1960లో కంపెనీ పేరు సీ ల్యాండ్ అని మార్చారు.

ఒకే కొలత కోసం పదేళ్లు

పెట్టె ఒక్కటే ఉంటే ప్రయోజనం లేదు. ఓడ, క్రేను, లారీ, రైలు అన్నీ దానికి సరిపోవాలి. సీ ల్యాండ్ పెట్టెలు 35 అడుగులవి. హవాయి దీవులకు ఓడలు నడిపే మ్యాట్సన్ కంపెనీ 24 అడుగుల పెట్టెలు చేసుకుంది. ఒకరి పెట్టె ఇంకొకరి ఓడలో పట్టదు, ఒకరి తాళం ఇంకొకరి మూలలో దూరదు. ఇలా అయితే ప్రపంచమంతా తిరిగే పెట్టె ఎప్పటికీ రాదు.

ప్రపంచ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్.ఓ. 1961 నుంచి ఏళ్ల తరబడి కమిటీలు వేసి, కొట్లాడి, చివరికి 10, 20, 30, 40 అడుగుల కొలతలు ఖాయం చేసింది. ఈ పని మొదట ఎవరు పెట్టారో ఆ రెండు కంపెనీల కొలతలూ అందులో లేవు! మూలల దిమ్మల కోసం ఇంకో తగాదా. సీ ల్యాండ్ నమూనాకు పేటెంటు ఉంది. అప్పటికి టాంట్లింగర్ ఆ కంపెనీ వదిలి వేరే చోట పనిచేస్తున్నారు. ఆ పేటెంటును అందరూ ఉచితంగా వాడుకోనివ్వమని ఆయన అడిగారు. 1963లో మెక్లీన్ ఒప్పుకున్నారు. ఆ నమూనా ఆధారంగానే ప్రపంచమంతటికీ ఒకే మూల తయారయింది.

ఇది పెద్దమనసా, వ్యాపార లెక్కా? రెండూ అని మాకు అనిపిస్తుంది. తాళం తన దగ్గర దాచుకుంటే కొంత రాయల్టీ వచ్చేది. పంచుకుంటే సరుకు మొత్తం పెట్టెల్లోకి వస్తుంది, అందులో తన వాటా పెరుగుతుంది. ఈ రోజు మా ఆఫీసులో టైపు చేసే ప్రతి నంబరుకూ ఒకే పద్ధతి ఉండటానికి ఇలాంటి ఒప్పందాలే కారణం. పెట్టె తలుపు మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. మొదటి మూడు అక్షరాలు ఓనరును చెబుతాయి. చివరి అంకె మిగతావాటిని లెక్క కట్టి వచ్చేది. మధ్యలో ఒక అంకె తప్పు కొడితే ఆ చివరి అంకె కలవదు, తప్పు బయటపడుతుంది. ఈ సదుపాయం వల్ల ఎన్నిసార్లు చీవాట్లు తప్పించుకున్నామో మాకే తెలుసు.

పని పోయినవాళ్లు, వాటా అడిగినవాళ్లు

ఇప్పుడు కూలీల సంగతికి వద్దాం. ఇరవై మంది గ్యాంగు వారంపాటు చేసే పని క్రేను ఆపరేటరు, కొద్దిమంది కలిసి ఒక పూటలో చేస్తుంటే మిగతావాళ్లు ఏం తినాలి? 1958లో మెక్లీన్ ఓడలు పోర్టోరికో చేరినప్పుడు అక్కడి రేవు కూలీలు దించం పొమ్మన్నారు. నెలల తరబడి బేరాలు సాగాయి. అవసరం ఉన్నా లేకున్నా 24 మంది గ్యాంగులను పెట్టుకోవడానికి కంపెనీ ఒప్పుకున్నాకే సరుకు దిగింది.

అమెరికా పడమటి తీరంలో హ్యారీ బ్రిడ్జెస్ అనే కార్మిక నాయకుడు ఉండేవారు. 1934లో పెద్ద సమ్మె నడిపించిన మనిషి. యజమానులకు ఆయన పేరు చెబితేనే గుబులు. అలాంటి నాయకుడు యంత్రం వస్తోందని చూసి, దీన్ని ఆపలేం, అయితే దానివల్ల మిగిలే డబ్బులో మన వాటా తీసుకోవాలి అని తన వాళ్లకు నచ్చజెప్పారు. 1960లో ఒప్పందం కుదిరింది. యంత్రాలు పెట్టుకోవడానికి యూనియన్ అడ్డు చెప్పదు. బదులుగా యజమానులు అయిదున్నర ఏళ్లలో 2 కోట్ల 90 లక్షల డాలర్లు నిధికి కట్టాలి. నమోదైన కార్మికులను తీసేయకూడదు. రిటైరయ్యేవారికి సొమ్ము ముట్టాలి.

తూర్పు తీరంలో మరో దారి. అక్కడి యూనియన్ సమ్మెలు చేసి, టెడ్డీ గ్లీసన్ నాయకత్వంలో 1960ల మధ్యలో ఇంకో రకం హామీ సాధించింది. పని ఉన్నా లేకపోయినా ఏడాదికి ఇన్ని గంటల జీతం ఇచ్చి తీరాలి. న్యూయార్కులో అది 1,600 గంటలతో మొదలయింది. గ్యాంగులు చిన్నవి అవుతాయి, కానీ లోపల ఉన్నవాళ్ల ఇంట్లో పొయ్యి ఆరిపోదు.

ఈ ఒప్పందాలు చదివితే సంతోషం వేస్తుంది. అయితే ఇంకో పక్క కూడా చూడాలి. పడమటి తీరంలో ఆ హామీ పూర్తి నమోదు ఉన్న ఏ తరగతి కార్మికులకే. వాళ్ల పక్కనే, అదే బరువు మోసిన రెండో తరగతివాళ్లకు, రోజువారీ వాళ్లకు అందులో వాటా లేదు. కాగితం మీద పేరున్నవాడికి పెన్షను, పేరు లేనివాడికి సెలవు. ఒకే ఓడలో, ఒకే చెమటతో పనిచేసినవాళ్ల మధ్య ఈ గీత గీసింది యంత్రం కాదు, మనుషులే.

లండన్‌లో ఇంకో తీరు. అక్కడి పెద్ద యూనియన్ 1968 నుంచి 1970 దాకా టిల్బరీ రేవులో కంటైనర్లు ముట్టకుండా నిషేధం పెట్టింది. ఓడలు ఆగలేదు. ఫెలిక్స్‌స్టో అనే చిన్న రేవుకు, సముద్రం అవతల రోటర్‌డామ్‌కు మళ్లిపోయాయి. ఎవరూ లెక్కచేయని ఫెలిక్స్‌స్టో బ్రిటన్‌లోకెల్లా పెద్ద కంటైనర్ రేవు అయింది. శతాబ్దాల నాటి లండన్ డాకులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈస్ట్ ఇండియా డాకు 1967లో, సెయింట్ కాథరిన్ 1968లో, వెస్ట్ ఇండియా 1980లో, రాయల్ డాకులు 1981లో తలుపులు వేశాయి. వెస్ట్ ఇండియా డాకు ఉన్న చోట ఇవాళ బ్యాంకుల అద్దాల మేడలు ఉన్నాయి. అక్కడ సంచులు మోసినవాళ్ల పిల్లలకు తండ్రి పని చేతికి రాలేదు.

ఎడారి ఒడ్డున కొత్త రేవు

పాత రేవులు పోయినచోట కొత్తవి లేచాయి. సింగపూర్ ముందే కనిపెట్టి టెర్మినల్ కట్టుకుంది. 1972 జూన్‌లో అక్కడికి మొదటి కంటైనర్ ఓడ వచ్చింది. అదే 1972లో దుబాయ్‌లో పోర్ట్ రషీద్ తెరిచారు. షార్జాలోని పోర్ట్ ఖాలిద్‌లో 1976లో కంటైనర్ టెర్మినల్ వచ్చింది. ఆ ఏడాదే దుబాయ్ పాలకుడు షేక్ రషీద్ ఊరికి దూరంగా, ఇసుక తప్ప ఏమీ లేని జెబెల్ అలీ దగ్గర ఇంకో రేవు తవ్వించడం మొదలుపెట్టారు. 1979లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ వచ్చి ప్రారంభించారు. అరవైకి పైగా బెర్తులు. మొదటి ఏళ్లలో చాలావరకు ఖాళీయే. ఇంత రేవు ఎందుకని అన్నవాళ్లు చాలామంది. 1985లో ఫ్రీ జోన్ పెట్టి, రేవు పక్కనే గోదాములకు, ఫ్యాక్టరీలకు చోటు ఇచ్చాక కథ మారింది. ఇక్కడ దిగిన పెట్టె విప్పి, సరుకు విడగొట్టి, మళ్లీ పెట్టెల్లో సర్ది చుట్టుపక్కల దేశాలకు పంపడం పెద్ద వ్యాపారం అయింది. 2024లో జెబెల్ అలీ రేవులో దిగి ఎక్కిన పెట్టెలు, 20 అడుగుల లెక్కన, దాదాపు కోటీ 55 లక్షలు. పోర్ట్ రషీద్‌లోని సరుకు పనిని 2009లో జెబెల్ అలీకి మార్చేశారు. పెద్ద ఓడ వచ్చాక సొంత ఊళ్లోని పాత రేవుకు కూడా చోటు మిగల్లేదు.

మనలో ఎంతోమంది ఈ దేశం రావడానికి కారణం ఆ పెట్టెలే అంటే అతిశయోక్తి కాదు. టవర్లకు అద్దాలు, లిఫ్టులు, టైల్సు, ఏసీలు, క్యాంపు మెస్సులో వండే పప్పు, అన్నిటిలో ఎక్కువ భాగం వాటిలోనే దిగాయి. సరుకు అంత చవకగా దిగకపోతే ఇంత కట్టడం ఉండేది కాదు, ఇన్ని వీసాలూ ఉండేవి కావు.

మన వైపు కూడా చూద్దాం. విశాఖ రేవు 1933లో మొదలయింది. మన దేశానికి మొదటి కంటైనర్ ఓడ 1973లో కొచ్చిన్‌కు వచ్చింది. ముంబై ఎదురుగా నవా షేవా రేవు 1989లో తెరిచారు. విశాఖలో కంటైనర్ టెర్మినల్ 2003లో మొదలయింది, అందులో దుబాయ్ పోర్ట్స్ ఇంటర్నేషనల్ భాగస్వామి. ఒక తరం ముందు కంటైనర్ అంటే తెలియని దుబాయ్ మన రేవులో పెట్టుబడి పెట్టే స్థాయికి వచ్చింది. ఆ తరవాత 2006లో దుబాయ్‌కి చెందిన డీపీ వరల్డ్, బ్రిటన్‌లోని పేరుమోసిన పి అండ్ ఓ కంపెనీని కొనేసింది. 2013లో లండన్ దిగువన థేమ్స్ నది ఒడ్డునే కొత్త కంటైనర్ రేవు తెరిచింది. భీమవరం వైపు చెరువుల్లో పెరిగిన రొయ్య చల్లటి కంటైనర్లలో అమెరికా దాకా వెళ్తోంది. ఆ రొయ్య ధర అక్కడ తగ్గితే ఇక్కడ రైతు గుండె ఆగుతోంది. పెట్టె దూరాన్ని తగ్గించింది, దూరంగా ఉన్న కష్టాలను కూడా దగ్గర చేసింది.

తన లెక్కలో తానే

ఇంత మార్పు తెచ్చిన మెక్లీన్ చివరికి ఏమయ్యారు? 1969లో సీ ల్యాండ్‌ను ఒక సిగరెట్ కంపెనీకి అమ్మేసి కోట్ల డాలర్లు గడించారు. ఊరుకోలేదు. 1970ల చివర్లో యునైటెడ్ స్టేట్స్ లైన్స్ అనే కంపెనీని కొన్నారు. అప్పుడు చమురు ధర మండిపోతోంది. అందుకని చమురు తక్కువ తాగే, నిదానంగా నడిచే, అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్దవైన 12 ఓడలు కొరియాలో కట్టించారు. ఓడలు వచ్చేసరికి చమురు ధర పడిపోయింది. నిదానం నష్టమయింది. 1986 నవంబరులో వంద కోట్ల డాలర్లకు పైగా అప్పుతో కంపెనీ దివాలా తీసింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. ఒకసారి లోకం చూడనిది చూసిన కన్ను, రెండోసారి చూస్తుందని నమ్మకం లేదు. 2001 మేలో ఆయన కన్నుమూశారు. అంత్యక్రియల రోజు ఉదయం ఎన్నో సముద్రాల మీద కంటైనర్ ఓడలు ఆయన పేరున కూత వేశాయి.

ఆయన పెట్టె మాత్రం ఆగలేదు. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయెజ్ కాలువలో అడ్డం పడి ఆరు రోజులు కదలకపోతే లోకం మొత్తం ఇబ్బంది పడింది. ఇప్పుడు 24,000 పెట్టెలు మోసే ఓడలు తిరుగుతున్నాయి. రోటర్‌డామ్‌లో 1993 నుంచే డ్రైవరు లేని బళ్లు పెట్టెలను మోస్తున్నాయి. ఒకప్పుడు సంచులు మోసేవాడి పని క్రేను ఆపరేటరు తీసుకున్నాడు. ఇప్పుడు ఆపరేటరు కుర్చీనే ఖాళీ చేయించే యంత్రం వస్తోంది. 2024 అక్టోబరులో అమెరికా తూర్పు తీరంలో రేవు కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. ఆరేళ్లలో 62 శాతం జీతం పెంపు ఖాయం చేసుకున్నారు. ఆ సమ్మెలో జీతంతోపాటు వచ్చిన రెండో మాట, మనిషి లేని యంత్రాలు వద్దని.

మన సైట్లలో కూడా ఇది కనిపిస్తూనే ఉంది. ఒకప్పుడు షట్టరింగ్ కార్పెంటర్లు పదుల మంది నెలంతా చెక్క కొట్టిన చోట అల్యూమినియం పలకలు బిగిస్తున్నారు. గోడలు, మెట్లు ప్రీకాస్ట్ ఫ్యాక్టరీలో పోసి ట్రైలర్ మీద తెచ్చి నిలబెడుతున్నారు. మా ఆఫీసులోనూ అంతే. ఆరుగురు టైపు చేసే కాగితాలు ఇప్పుడు ఇద్దరం చూస్తున్నాం, మిగతాది కంప్యూటరే నింపేస్తోంది. ఇక్కడ మన తరఫున కూర్చుని వాటా మాట్లాడే హ్యారీ బ్రిడ్జెస్ ఎవరూ లేరు. అందుకని మనకు చేతనైనది మనమే చేసుకోవాలి. రిగ్గరుగానో, ఆపరేటరుగానో శిక్షణకు కంపెనీ పంపుతానంటే అలసిపోయామని వదులుకోవద్దు. సర్టిఫికెట్, కాంట్రాక్టు కాగితం, జీతం స్లిప్పుల కాపీలు భద్రంగా దాచుకోండి. పాత రేవుల్లో కాగితం మీద పేరున్నవాడికీ, లేనివాడికీ ఎంత తేడా వచ్చిందో చూశాం కదా.

ఈసారి క్యాంపు బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్కన ట్రైలర్ మీద కంటైనర్ ఉంటే దాని మూల వైపు ఒకసారి చూడండి. ఆ చిన్న రంధ్రం ఒక పాత లారీ ఓనరునూ, ఒక ఇంజనీరునూ గుర్తు చేస్తుంది. అడ్డా మీద నిలబడి ఫోర్‌మ్యాన్ వేలు తమ వైపు తిరుగుతుందా అని చూసిన కూలీల పేర్లు దాని మీద ఎక్కడా లేవు. వాళ్లను మనమైనా గుర్తు పెట్టుకుందాం.